అందరూ ఒక్కటైపోతే బాధ పోతదా? ‘ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్’ క్లైమాక్స్ అసలు ఏం చెప్తుంది

రామారెడ్డి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. అదే మీది రూము, అదే మైకు, వెనకాల అదే ఫ్యాను చప్పుడు. ఫ్యాను బంద్ చెయ్యమని చాలామంది అడుగుతున్నరు. ఎండాకాలంల మా ఇంటికొచ్చి ఈ రేకుల కింద ఒక గంట కూర్చోండి, మీరే లేచి స్విచ్ వేస్తరు. సరే, విషయంలోకి పోదాం.

2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకి వచ్చింది గదా. టీవీలో మొదలైన కథని సినిమా హాల్లో ముగింపు దిక్కు తీస్కపోవడం మనకి ఇప్పుడు అలవాటైంది. కానీ ఈ పద్ధతిలో వచ్చినవాటిలో అన్నిటికంటే విచిత్రమైంది, జనాన్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది 1997లోనే వచ్చింది. అదే ‘ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్’. జూలై 19, 1997న జపాన్‌లో రిలీజ్, నిడివి 87 నిమిషాలు. అందులో ప్రపంచం నిజంగనే అంతమైపోతది. హీరో వచ్చి ఆఖరి సెకనులో కాపాడడు. అంతం కావాలా వద్దా అన్న నిర్ణయమే హీరో చేతికి వస్తది, ఆ హీరో ఏమో పద్నాలుగేండ్ల పిలగాడు, అప్పటికే మనసు పూర్తిగా విరిగిపోయినోడు.

రెండు మాటలు ముందే చెప్తున్నా. ఒకటి, ఈ ఎపిసోడ్ మొత్తం స్పాయిలర్లే. రెండు, ఇది బొమ్మల సినిమా గదా అని ఇంట్లో తమ్ముడికో చెల్లెకో పెట్టి ఇయ్యకండి. రక్తం, చావులు, లైంగికంగా ఇబ్బంది పెట్టే సీన్లు ఉన్నయి. ఇది పెద్దోళ్ల సినిమా.

ముందు సిరీస్ గురించి గబగబా. ‘నియాన్ జెనిసిస్ ఎవాంజెలియన్’ 1995 అక్టోబర్ 4న టీవీ టోక్యోలో మొదలైంది, బుధవారం సాయంత్రం ఆరున్నరకి వచ్చేది. మొత్తం 26 ఎపిసోడ్లు. తీసింది గైనాక్స్ స్టూడియో, డైరెక్టర్ హిదెయాకి అన్నో. కథ 2015లో నడుస్తది. 2000 సంవత్సరంలో అంటార్కిటికాలో జరిగిన ఒక మహా విస్ఫోటంతో సగం మంది మనుషులు పోయిన ప్రపంచం అది. ‘ఏంజెల్స్’ అనే వింత జీవులు ఒక్కొక్కటే వచ్చి టోక్యో-3 నగరం మీద పడ్తయి. వాటితో కొట్లాడేందుకు నెర్వ్ అనే సంస్థ ‘ఎవా’లని తయారు చేసింది. చూడనీకి రోబోలు, కానీ లోపల మాంసం, రక్తం ఉన్న జీవాలు. వాటిని నడపగలిగేది పద్నాలుగేండ్ల పిల్లలే. నెర్వ్ బాస్ గెండో, ఏండ్ల తరబడి వదిలేసిన కొడుకు షింజిని పిలిపిస్తడు. ఎందుకు పిలిచినవని అడిగితే, పని ఉందని పిలిచిన అన్నట్టు మాట్లాడ్తడు.

ఈ ఒక్క పాయింట్ పట్టుకోండి. షింజి ఎవా ఎక్కేది ప్రపంచాన్ని కాపాడనీకి కాదు, నాయన శభాష్ అనాలని. ఎక్కకపోతే తన అవసరం ఎవరికీ లేదు, అవసరం లేని తనని ఎవరూ చూడరు అనుకుంటడు. సినిమా మొత్తం ఈ ముల్లు చుట్టే తిరుగుతది.

ఇగ 25, 26 ఎపిసోడ్లకి వస్తే యుద్ధం గాయబ్. టైం లేదు, షెడ్యూల్ మొత్తం కొల్లాప్స్ అయిపోయింది. అంతకుముందు 24వ ఎపిసోడ్‌లోనే దాదాపు ఒక నిమిషం పాటు స్క్రీన్ మీద ఒకే బొమ్మ కదలకుండా ఉంటది. చివరి రెండు ఎపిసోడ్లు షింజి మనసులోపల జరుగుతయి. ఖాళీ స్టేజి, కుర్చీ, ప్రశ్నలు, పెన్సిల్ గీతలు. ఆఖరికి అందరూ షింజి చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి అభినందనలు చెప్తరు. 1996 మార్చి 27న కథ సమాప్తం. బయట ప్రపంచం ఏమైంది, ఎవరు బతికిన్రు, ఎవరు పోయిన్రు, ఏం తెల్వదు.

ఫ్యాన్స్‌కి మండింది. తిడుతూ ఉత్తరాలు, బెదిరింపులు. మెచ్చుకున్నోళ్లు లేరని కాదు, ఆ ఉత్తరాలూ వచ్చినయి. మొదట 1997 మార్చిలో ‘డెత్ అండ్ రీబర్త్’ అని రీక్యాప్ ప్లస్ సగం కొత్త కథతో ఒక సినిమా వదిలిన్రు, అది కూడా మధ్యలో ఆగిపోయింది. జూలైలో పూర్తి ముగింపు వచ్చింది. గైనాక్స్‌తో పాటు ప్రొడక్షన్ ఐ.జీ. కలిసి చేసింది. సినిమా రెండు ఎపిసోడ్ల లెక్క ఉంటది. మొదటి సగాన్ని కజుయా త్సురుమాకి, రెండో సగాన్ని అన్నో డైరెక్ట్ చేసిన్రు. ఎండ్ టైటిల్స్ సినిమా మధ్యలో పడ్తయి. నా ఫ్రెండ్ ఒకడు అక్కడికే అయిపోయిందనుకొని ల్యాప్‌టాప్ మూసేసి, బాగానే ఉందిరా కానీ అర్థం కాలే అని మెసేజ్ పెట్టిండు. అసలు సినిమా అప్పుడే మొదలు రా అయ్యా.

మరి టీవీ ముగింపు కరెక్టా, సినిమా ముగింపు కరెక్టా? నా లెక్కలో రెండూ ఒకటే సంఘటన. టీవీలో చూపించింది లోపలి వైపు, సినిమాలో చూపించింది బయటి వైపు. దీనికి ఆధారం టీవీ ఎపిసోడ్‌లోనే ఉంది. 25వ ఎపిసోడ్‌ని పాజ్ చేసుకుంటూ చూడండి, మిసాతో నెత్తుటి మడుగులో పడి ఉన్న బొమ్మ, రిత్సుకో నీళ్లలో తేలుతున్న బొమ్మ కనబడ్తయి. అక్కడ ఏ వివరణా ఇయ్యరు. సినిమాలో ఆ ఇద్దరూ అట్లనే చనిపోతరు.

మొదటి సగం కథ సింపుల్. సీలె అనే రహస్య పెద్దల గుంపుకి నెర్వ్ మీద నమ్మకం పోయింది. ఫస్ట్ నెర్వ్ దగ్గరున్న మాగీ అనే సూపర్ కంప్యూటర్లని హ్యాక్ చేయాలని చూస్తరు. రిత్సుకో ఫైర్‌వాల్ ఎక్కించి ఆపేస్తది. హ్యాకింగ్ ఫెయిల్ అయింది గదా అని డైరెక్ట్‌గా సైన్యాన్ని దింపుతరు. సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో పనిచేసినోడిగా చెప్తున్నా, సెక్యూరిటీ గురించి ఇంత నిజాయితీగల సీన్ నేను ఎక్కడా చూడలే. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా తలుపు పగలగొట్టేటోడిని ఆపలేదు. ఇంకో ముచ్చట ఏందంటే, మాగీ అంటే మూడు కంప్యూటర్లు, మెజారిటీ ఓటుతో నిర్ణయం తీసుకుంటయి. మూడింటిలోనూ రిత్సుకో వాళ్లమ్మ వ్యక్తిత్వాన్నే ఎక్కించిన్రు. సైంటిస్టుగా ఒకటి, తల్లిగా ఒకటి, ఆడదానిగా ఒకటి. రిత్సుకో మొత్తం సిస్టమ్‌ని పేల్చేద్దామని కమాండ్ ఇస్తది. ఆ మూడోది ఒప్పుకోదు. కూతురిని కాదని, ప్రేమించిన గెండోని ఎంచుకుంటది. కోడ్‌లో దాచిపెట్టిన మనసు అసలు టైంకి ఎదురు తిరగడం అంటే ఇదీ.

అదే టైంల అసుకా కోమాలో నుంచి లేస్తది. తన ఎవాలోపల అమ్మ ఉందని, ఇన్ని రోజులు కాపాడింది అమ్మేనని అర్థమైతది. ఆ సంతోషంలో తొమ్మిది తెల్ల ఎవాలతో ఒంటరిగా కొట్లాడ్తది. కేబుల్ తెగింది, ఇగ బ్యాటరీ మీదనే. ఫుల్ ఛార్జ్ ఉన్నా ఎవా లోపలి బ్యాటరీ వచ్చేది ఐదు నిమిషాలే. మనం ఒక్క శాతం ఛార్జింగ్‌తో ఫోన్‌పే కొట్టేటప్పటి టెన్షన్ ఉంటది చూడండి, దాన్ని వెయ్యి రెట్లు చేసుకోండి. గెలిచినట్టే గెలిచి, ఓడిపోతది. ఆ సీన్ గురించి ఇంతకంటే చెప్పను. షింజి ఇదంతా జరుగుతుంటే మెట్ల కింద ముడుచుకొని కూర్చుని ఉంటడు. సినిమా మొదట్లనే స్పృహ లేని అసుకా దగ్గర ఒక నీచమైన పని చేసి, తన మీద తనకే అసహ్యం పుట్టి, ఎవరి దగ్గరికీ పోలేని స్థితిలో ఉన్నడు. డైరెక్టర్ మనకి హీరోని ఇష్టపడే ఛాన్స్ కూడా ఇయ్యలే.

ఇప్పుడు అసలు విషయం. సీలె ప్లాన్ పేరు మానవ పరిపూర్ణతా పథకం అనుకోండి. వాళ్ల లాజిక్ ఏందంటే: మనిషికి బాధ ఎందుకొస్తది? నేను వేరు, నువ్వు వేరు కాబట్టి. నీ మనసులో ఏముందో నాకు తెల్వదు, నాది నీకు తెల్వదు. అందుకే అనుమానం, అవమానం, ఒంటరితనం. మరి ఆ వేరు అనేదే లేకుండా చేస్తే? సిరీస్‌లో దీనికి ఒక సైన్స్ పేరు పెట్టిన్రు, ఏ.టీ. ఫీల్డ్. మొదట్లో అది ఏంజెల్స్ వాడే కవచం లాగ కనిపిస్తది. చివరికి తెలిసేదేందంటే అది ప్రతి మనిషికీ ఉంటది, మనసు చుట్టూ ఉండే గోడే అది. ఆ గోడ వల్లనే మన ఒంటికి ఒక ఆకారం ఉంది. గోడ తీసేస్తే మనిషి నీళ్లయిపోతడు. అక్షరాలా నారింజ రంగు ద్రవం అయిపోతడు. అందరూ కలిసి ఒకటే సముద్రం.

నాలుగో ఎపిసోడ్ పేరే ముళ్లపంది సంకటం. షోపెన్‌హావర్ అనే జర్మన్ ఫిలాసఫర్ చెప్పిన పోలిక. చలికి ముళ్లపందులు దగ్గరికి జరుగుతయి, ముళ్లు గుచ్చుకుంటయి, దూరం జరిగితే చలి పెడ్తది. మనం కూడా అంతే గదా. 2020లో లాక్‌డౌన్ టైంకి నేను ఈ రూములో నుంచే ఉద్యోగం చేసిన. పొద్దున నుంచి రాత్రి దాకా మీటింగులు, అందరూ కెమెరా ఆఫ్, మ్యూట్. రోజుకి ఇరవై మంది గొంతులు వినేటోన్ని, ఒక్కరి ముఖం కూడా తెల్వదు. కింద అమ్మ అన్నం తినమని పిలిస్తే కాల్‌లో ఉన్నా అనేటోన్ని, కాల్ లేకున్నా సరే. ఏ.టీ. ఫీల్డ్ అంటే ఏందో నాకు ఎవరూ వివరించాల్సిన అవసరం రాలే.

ప్రపంచం కరిగిపోయే సీన్ గురించి మాత్రం కొంచెం ఎక్కువసేపు మాట్లాడుకుందాం. రెయ్ అనే అమ్మాయి గెండో మాట కాదని లిలిత్ అనే మూల జీవంతో కలిసిపోయి, భూమి కంటే పైకి లేచేంత పెద్దగైతది. అప్పుడు ప్రతి మనిషి ముందుకీ ఒక రెయ్ రూపం వస్తది. వాళ్లు ఎక్కువగా ప్రేమించే మనిషి లాగ మారుతది. హ్యూగాకి మిసాతో కనబడ్తది. మాయాకి రిత్సుకో కనబడ్తది. ముసలి ఫుయుత్సుకికి తన స్టూడెంట్ యుయ్, అంటే షింజి అమ్మ, కనబడ్తది. ముట్టుకోగానే వాళ్లు నవ్వుకుంటూ కరిగిపోతరు. ఒక్క అవోబాకి మాత్రం ఎవ్వరూ కనబడరు. రెయ్ ముఖాలే చుట్టూ మూగుతయి. భయంతో అరుస్తూ టేబుల్ కిందకి దూరుతడు, అట్లనే కరిగిపోతడు. అవోబా సిరీస్ మొత్తంలో పెద్దగా మాటలు కూడా లేని క్యారెక్టర్. మూడు నాలుగు సెకన్ల షాట్‌తో ఆ మనిషి జీవితం ఎంత ఖాళీగా ఉండెనో చెప్పేసిన్రు. నాకు సినిమాలో అన్నిటికంటే భయం వేసింది ఆ షాటే.

దీని వెనకాల వచ్చే పాట ఉత్సాహంగా, పియానోతో, చప్పట్లు కొట్టాలనిపించేటట్టు ఉంటది. మ్యూజిక్ షిరో సగిసు, పాడింది ఆరియాన్. మాటలు మాత్రం తనని తాను అసహ్యించుకునేవాడివి. చావు పాటకి పండుగ ట్యూన్ పెట్టడం కొంతమందికి నచ్చలే. నాకైతే అదే కరెక్ట్ అనిపిస్తది. ఎందుకంటే ఆ కరిగిపోవడం వాళ్లకి హాయిగానే ఉంది. ప్రమాదం అక్కడే ఉంది.

మన దగ్గర పెద్దోళ్లకి ఈ కథ చెప్తే వచ్చే మొదటి ప్రశ్న: అందరూ ఒక్కటైతే మంచిదే గదరా? మా ఊర్ల కాలభైరవ స్వామి గుడి ఉంది, కాలానికి అధిపతి అని మొక్కుతం. ప్రళయం అనే మాట మనకి కొత్తది కాదు. విష్ణు పురాణం ప్రళయాన్ని మూడు రకాలుగా చెప్తది: నైమిత్తికం, ప్రాకృతికం, ఆత్యంతికం. ఆ మూడోది అంటే మోక్షమే. నది సముద్రంలో కలిసినట్టు కలిసిపోవడం మన దగ్గర గొప్ప గమ్యం. మరి అన్నో దాన్ని ఎందుకు వద్దంటున్నడు? నేను దీని గురించి చాలా రోజులు ఆలోచించిన. నాకు కనబడే తేడా ఒకటే. మన పుస్తకాల్లో కలిసిపోయేటోడు భయం పోయినాక కలుస్తడు. సీలె ప్లాన్‌లో భయం వల్ల కలుస్తరు. అది కూడా ఒకరు నిర్ణయం తీసుకుంటే అందరూ కరిగిపోవాల్సిందే, ఎవర్నీ అడిగేది లేదు. దాన్ని మోక్షం అనలేం.

యుగాంతం పిచ్చి జపాన్‌లో అప్పటికే బాగా ఉండె. 1973లో నోస్ట్రడామస్ జోస్యాల మీద ఒక పుస్తకం వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది, 1999లో అంతా అయిపోతదని ఒక తరం పిల్లలు నమ్మిన్రు. 1995 జనవరి 17న కోబె భూకంపం, ఆరు వేల మందికి పైగా పోయిన్రు. అదే ఏడాది మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే మతగుంపు టోక్యో మెట్రోలో సరిన్ విషవాయువు వదిలింది. ఆ గుంపులో పెద్ద యూనివర్సిటీల్లో సైన్స్ చదివినోళ్లు ఉన్నరు. ఎవాంజెలియన్ ప్లాన్ అంతకుముందే మొదలైంది గానీ, చూసిన జనం మాత్రం ఆ పొగలోనే కూర్చొని చూసిన్రు. మనకి 2012 గుర్తుందా? డిసెంబర్ 21 యుగాంతం అని టీవీలల్ల ఒకటే గోల. నేను అప్పుడు పదో తరగతి. మా క్లాసుల సగం మంది బాధ ప్రపంచం పోతదని కాదు, అనవసరంగా లెక్కలు నేర్చుకుంటున్నమని.

ఇంకో మాట, ఇంటర్నెట్‌లో వచ్చే ఎక్స్‌ప్లనేషన్ వీడియోలు చాలావరకు శిలువలు, కబ్బాలా చెట్టు చుట్టూ తిరుగుతయి. త్సురుమాకినే ఒక ఇంటర్వ్యూలో చెప్పిండు, జపాన్‌లో క్రైస్తవం తక్కువ కాబట్టి ఆ గుర్తులు వింతగా, బాగా కనబడ్తయని వాడినమని. ఎవరో విదేశీ డైరెక్టర్ శ్రీచక్రం డిజైన్ బాగుందని స్పేస్‌షిప్ మీద వేసుకున్నట్టు అన్నమాట. వాటికోసం రాత్రంతా మేలుకోకండి.

నిర్ణయం షింజి చేతికి వచ్చే చోటికి పోదాం. అందరూ కరిగిపోయిన ఆ సముద్రంలో షింజికి బాధ లేదు. తిట్టేటోళ్లు లేరు, వదిలేసి పోయేటోళ్లు లేరు. ఇక్కడే అన్నో బొమ్మలు ఆపేసి నిజమైన ఫుటేజ్ వేస్తడు. ఖాళీ వీధులు, థియేటర్ సీట్లలో కూర్చుని తెర దిక్కు చూస్తున్న జనం. వచ్చిన బెదిరింపులు కూడా ఒక్క క్షణం తెర మీద మెరుస్తయి. టికెట్ కొనుక్కొని వచ్చినోడికి వాడి ముఖమే చూపించడం. మన దగ్గర పెద్ద హీరో సినిమా ఫస్ట్ షోకి ఇట్ల చేస్తే స్క్రీన్ మిగలదు. కానీ అది వెక్కిరింపు ఒక్కటే కాదు. ‘నాడియా’ సిరీస్ అయిపోయినాక అన్నోనే నాలుగేండ్లు డిప్రెషన్‌లో ఉన్నడు. కల్పనలోకి పారిపోవడం ఎంత హాయిగా ఉంటదో తెలిసినోడే మాట్లాడుతున్నడు.

షింజి ఆ సముద్రం వద్దంటడు. మళ్లీ మనుషుల మధ్యకి పోతే మళ్లీ గుచ్చుకుంటదని తెలుసు. తనని ఎవరైనా ఇష్టపడ్తరన్న గ్యారంటీ లేదు. అయినా వాళ్లని మళ్లీ చూడాలనుకుంటడు. అప్పుడు నియమం చాలా సింపుల్‌గా చెప్తరు: తనని తాను ఊహించుకోగలిగినోడు, బతకాలని ఉన్నోడు ఎవరైనా తిరిగి మనిషి కావచ్చు. ర్యాంకు అడగరు, పనికొస్తవా అని అడగరు.

దీన్ని నేను మన దగ్గరికి తెచ్చి చూడకుండా ఉండలేను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ వచ్చినాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నరు. నేను అప్పుడు బీటెక్ లాస్ట్ ఇయర్. పనికొస్తేనే ఉండాలి, మార్కులొస్తేనే ముఖం చూపియ్యాలి అని షింజి అనుకున్నదే మన ఇండ్లల్ల కూడా నేర్పుతున్నం, ప్రేమతోనే నేర్పుతున్నం. ఇది వింటున్నోళ్లలో ఎవరికైనా కరిగిపోవాలని, లేకుండా పోవాలని అనిపిస్తుంటే 14416కి కాల్ చెయ్యండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, పైసలు తీసుకోరు, తెలుగులో మాట్లాడ్తరు. నంబర్ సేవ్ చేసి పెట్టుకోండి, ఇంకెవరికైనా పనికొస్తది.

చివరి సీన్. ఎర్ర సముద్రం, తెల్ల ఇసుక, దూరంగా కొండంత రెయ్ ముఖం సగం. ఒడ్డున షింజి, అసుకా ఇద్దరే. షింజి ఆమె గొంతు పిసుకుతడు. అవును, అంత పెద్ద నిర్ణయం తీసుకొని వచ్చి చేసిన మొదటి పని అది. ఆమె చెయ్యి లేపి ఆయన చెంప నిమురుతది. వాడు ఏడుస్తడు. ఆమె అసహ్యం ధ్వనించే ఒక్క మాట అంటది. కట్. పేర్లు పడవు, పాట లేదు. ఆ జపనీస్ మాటకి అసహ్యంగా ఉందనీ, ఒంట్లో వికారంగా ఉందనీ రెండు అర్థాలు వస్తయి, సబ్‌టైటిల్ రాసేటోడు ఒకటే పెట్టగలడు.

నేను చదివేది ఇట్ల: గొంతు పట్టుకుంది ఈమె నిజంగా ఉందా లేక నా ఊహనా అని చూడనీకి. సముద్రంలో ఉన్నప్పుడు ఎదుటి మనిషి మన ఇష్టప్రకారమే మాట్లాడ్తది. ఇక్కడ ఆమె ముందు నిమిరింది, తర్వాత అసహ్యించుకుంది. రెండూ వాడు అడిగినవి కావు. అంటే ఆమె వేరే మనిషి. వాడు కోరుకున్నది దొరికింది, ముళ్లతో సహా. దీన్ని హ్యాపీ ఎండింగ్ అనేటోళ్లు ఉన్నరు, నాకు అంత నోరు రాదు. వాడు చేసింది క్షమించే పని కూడా కాదు. కానీ ఖాళీ ఒడ్డు కాదు అది, ఇద్దరున్నరు.

చూసే పద్ధతి చెప్పి ఆపేస్తా. 2019 జూన్ 21 నుంచి సిరీస్, సినిమా రెండూ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినయి. నేను చూసింది జపనీస్ ఆడియో, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో. 26 ఎపిసోడ్లు పూర్తిగా చూడండి, 24 కాడ ఆపి సినిమాకి దుంకకండి. ఒక రోజు గ్యాప్ ఇచ్చి సినిమా చూడండి, రాత్రి పన్నెండింటికి మాత్రం వద్దు. తర్వాత ఓపిక ఉంటే రీబిల్డ్ సినిమాలు నాలుగు, 2007లో మొదలై 2021లో అయిపోయినయి. అన్నో ఇదే కథని మళ్లీ చెప్పి మళ్లీ ముగించిండు. అందులో కూడా చివర్లో బొమ్మలు పోయి నిజమైన ప్రపంచం వస్తది. ఈసారి థియేటర్ జనం కాదు, ఉబె అనే ఊర్లో ఒక చిన్న రైల్వే స్టేషన్. మన కామారెడ్డి స్టేషన్ కంటే చిన్నగా ఉంటది. అన్నో పుట్టి పెరిగిన ఊరు అది. పెద్దోడైన షింజి ఒకమ్మాయి చెయ్యి పట్టుకొని మెట్లెక్కి బయటికి ఉరుకుతడు, కెమెరా పైకి లేచి ఊరంతా చూపిస్తది, ఫ్యాక్టరీలు, రోడ్లు, మామూలు జనం. ఆ నాలుగు సినిమాల మీద వచ్చే ఎపిసోడ్‌లో కూర్చుందాం. అప్పటికి ఫ్యాను సంగతి కూడా చూస్తా.